పిలకల లెక్క

ఆ ఎండాకాలం నేను పాలాయన కుడిచెయ్యి కొరికాను. రక్తం వచ్చేలా కొరికాను. ఆ తర్వాత ఆ చేతికి జరిగినదాంతో పోలిస్తే నా పంటిగాట్లు ఏపాటివి గాని, దానికి మొదటి గాయం చేసింది మాత్రం నేనే. ఈ మాట ఇంకెవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తున్నాను. దాచుకుంటే ఏమవుతుందో ఆ ఏడు కళ్లారా చూశాను.

గొడవ ఒక తుమ్మ మొద్దు దగ్గర వచ్చింది. సర్వే మొదలై అప్పటికి మూడో రోజు. పరాయి దేశాల నుంచి వచ్చిన మొక్కలు మన దేశంలో ఎంతమేర పాకాయో ఊరూరా లెక్క తీస్తున్నారు. చెరువుల మీద చాపలా పరుచుకున్న ఊదాపూల మొక్క, రోడ్ల పక్కన పెరిగి దురద పుట్టించే తెల్లపూల మొక్క, అన్నిటికన్నా ముఖ్యంగా మా వాగు పొడవునా కమ్మేసిన పరాయి తుమ్మ. తాతల కాలంలో ఎవరో పెద్దలు ఇసుక కొట్టుకుపోకుండా ఉంటుందని ఓడమీద విత్తనాలు తెప్పించి చల్లించారట. ఇసుక ఆగింది గాని తుమ్మ ఆగలేదు.

ఆ తుమ్మ సంగతి వాగుకు ఇవతల ఒక రకం, అవతల ఒక రకం. ఇవతల గట్టు మీద మేముంటాం, బొగ్గు కాల్చేవాళ్లం. తుమ్మ నరికి, బట్టీ పేర్చి, బొగ్గు చేసి అమ్ముకుని బతుకుతాం. అవతల పశువులవాళ్లు. వాళ్ల బీడంతా తుమ్మ మింగేసింది. గేదె పచ్చగడ్డి కోసం మూతి పెడితే ముల్లు దిగేది. మా నోటికి కూడు పెట్టే చెట్టే వాళ్ల గేదెల నోటి దగ్గరది లాక్కునేది. ఏడాదికి రెండు తలలైనా పగలకుండా ఎండాకాలం గడిచేది కాదు.

అందుకే సర్వే సారు ఒక పద్ధతి పెట్టాడు. లెక్కపెట్టడానికి ఇవతలి నుంచి ఒకరు, అవతలి నుంచి ఒకరు. మొదట ఒకరు పైకి లెక్కపెట్టాలి, తర్వాత రెండోవాళ్లు. రెండు లెక్కలూ కలిస్తేనే ఆయన పుస్తకంలోకి ఎక్కించేవాడు. పేజీ అడుగున ఇద్దరూ సంతకం చెయ్యాలి. మా గట్టు మీద నాలుగక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, కాబట్టి నేను. అవతలి నుంచి పాలాయన. ముప్పై ఏళ్ల మనిషి. తెల్లారకముందే పద్దెనిమిది గేదెల పాలు పిండి, ఇంటింటికీ పోసి, అప్పుడు సర్వేకి వచ్చేవాడు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేవాడు. అది చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

మా దగ్గర మనిషెత్తు ఇనప కడ్డీలు నాలుగుండేవి, కొసలకు కొక్కేలతో. పొద కింద నుంచి దూర్చి నాలుగూ తగిలిస్తే ఒక చదరం అవుతుంది. ఆ చదరంలో ఎన్ని చెట్లున్నాయో చెప్పాలి. అంతే పని.

"ఒకటి" అన్నాడు పాలాయన ఆ రోజు.

"తొమ్మిది" అన్నాను నేను.

సారు గొడుగు కింద నుంచి తల బయటపెట్టాడు. ఎండకని రోజూ గొడుగేసుకుని ముళ్లపొదల్లోకి వచ్చేవాడు మహానుభావుడు. మూడు రోజులకే అది జల్లెడైపోయింది. మేం ఆయన్ని గొడుగు సారు అనేవాళ్లం.

"ఒకటేంటి, తొమ్మిదేంటి? మధ్యలో ఇంకేమీ లేదా?" అన్నాడు.

"ఇది నరికిన చెట్టు సార్" అన్నాడు పాలాయన. "కింద మొద్దు ఒక్కటే. దాన్నించి తొమ్మిది పిలకలొచ్చాయి. మొద్దే లెక్క."

"కాదు సార్. దీని జాతే అంత. ఇలాగే గుబురుగా పెరుగుతుంది" అన్నాను నేను కళ్లార్పకుండా.

అది పచ్చి అబద్ధం. ఆ చెట్టు నరికింది మా అన్నయ్యే. మా వాళ్లు తుమ్మని నేలకి సమంగా నరికి, మొద్దు ఎండకి చావకుండా మీద తడిమట్టి కప్పుతారు. నెల తిరక్కుండా పిలకలేస్తుంది. మూడేళ్లలో మళ్లీ కోతకొస్తుంది. పైనుంచి చూస్తే నరికినట్టు ఎవరికీ తెలీదు.

నా అబద్ధానికి కారణముంది. టీకొట్టు దగ్గర విన్న మాటని మా వదిన ఇంటికి మోసుకొచ్చింది. తుమ్మ చిక్కగా ఉన్నచోట బొగ్గు కాల్చేవాళ్లకి పర్మిట్లిస్తారట, పలచగా ఉన్నచోట కొట్టేసి పశువులకి వదిలేస్తారట. సర్వే దేనికని సారుని అడిగితే, "ఎక్కడ ఎంతుందో చూడటం వరకే మన పని" అనేవాడు. ఆయనకే తెలీదని ఇప్పుడనిపిస్తుంది. మా గట్టంతా మూడేళ్ల పిలకలే. పిలకలు లెక్కపెడితే ఒకటికి తొమ్మిది. వాగు పొడవునా మాకన్నా చిక్కటి చోటే ఉండదు.

"మట్టి తీసి చూపిస్తా, చూడండి సార్" అంటూ పాలాయన కూర్చుని, మొద్దు మీదికి చెయ్యి పోనిచ్చాడు.

ఆ చెయ్యే నేను కొరికింది. పట్టుకుని లాగాను, రాలేదు. ఆ చేతిలో పద్దెనిమిది గేదెల పాలు పిండే బలముంది. వంగి, బొటనవేలి కిందున్న కండని పళ్లతో పట్టేశాను. కెవ్వుమన్నాడు. రెండో చేత్తో నా జుట్టు పట్టుకుని విదిలిస్తే పోయి ముళ్లలో పడ్డాను. లేచి కడ్డీ అందుకున్నాను. సారు మధ్యలోకి గొడుగు అడ్డంపెట్టి "ఆగండాగండి" అని అరిచాడు. కడ్డీ దెబ్బకి గొడుగు కాడ వంగిపోయింది.

రక్తం చూసి సారు బెదిరిపోయాడు. గబగబా పుస్తకం తీసి చదివాడు. "నేలకు జానెడు ఎత్తున ఎన్ని కాండాలుంటే అన్ని చెట్లుగా లెక్కించవలెను. ఇక అయిపోయింది. తొమ్మిది."

పాలాయన చేతికి తువ్వాలు చుట్టుకుంటూ నా వంక చూశాడు. "రాయండి. ఈవిడ నోటితో నేను పడలేను. ఏ రకంగానూ" అన్నాడు.

ఆ సాయంత్రం జరిగింది చెబుతుంటే మా అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నన్ను ఏడో ఏట నుంచి పెంచింది ఆయనే. మా అన్నయ్యకి కోపం ముందొచ్చేది, మనిషి వెనక వచ్చేవాడు. నవ్వూ అంతే.

"కొరికావా? నిజంగా కొరికావా? మన ఇంటి పిల్లవనిపించావే!"

"ఇంకా నయం, పాలాయన్ని కొరికింది. గేదెని కొరికుంటే పళ్లూడేవి" అంది వదిన బొగ్గు జల్లెడ పడుతూ. తర్వాత మెల్లిగా, "ఇంతకీ లెక్క మనవైపే పడిందా?" అంది.

"పడింది" అన్నాను. అబద్ధమాడానని మాత్రం చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత ఏడు వారాలు పిలకలే లెక్కపెట్టాం. పాలాయన మళ్లీ నోరెత్తలేదు. పుస్తకంలో ఉన్నదానికి కట్టుబడే రకం. నేను "పదకొండు" అంటే ఆయన ఒక్కో పిలకనీ వేలితో తాకి "పదకొండు" అనేవాడు. ఆ చెట్టు మాత్రం ఇద్దర్నీ సమానంగా చీరేసింది. ఒకరోజు ముల్లు నా చెప్పు చీల్చుకుని, పాదంలోంచి పైకి పొడుచుకొచ్చింది. పాలాయన నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని, పట్టకారుతో లాగాడు. నేను బూతులు తిట్టాను. ఆయన తాపీగా, "కొరక్కపోతే చాలు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మీద నాకే కోపమొచ్చింది.

మ్యాపు వచ్చిన రోజు ఆఫీసుకి మా ఇద్దర్నీ పిలిపించారు. గోడకి నాలుగు మేకులు కొట్టి దాన్ని తగిలించారు. వాగు నీలంగా, బీళ్లు పసుపుగా ఉన్నాయి. మా గట్టు మటుకు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఎర్రగా ఉంది. అంత ఎరుపు మ్యాపు మొత్తమ్మీద ఇంకెక్కడా లేదు. నా గుండె గర్వంతో పొంగింది.

"ఎరుపంటే పర్మిట్లే కదా సార్?"

గొడుగు సారు నా మొహంలోకి చూడలేదు. "ఎరుపంటే నిర్మూలన. పైనుంచి నిన్ననే వచ్చింది. వచ్చే సోమవారం యంత్రాలొస్తాయి. ముందు పెకిలించడం, తర్వాత మందు కొట్టడం, మిగిలింది తగలబెట్టడం. ఎక్కువ పాకినచోటే మొదలుపెట్టమన్నారు. బట్టీలూ గుడిసెలూ ఆదివారంకల్లా తీసెయ్యాలి."

"మరి పలచగా ఉన్నచోట?"

"అక్కడ తుమ్మని వాడుకునేవాళ్లకే వదిలేస్తారు. కొట్టుకోండి, కాల్చుకోండి, పాకకుండా చూసుకోండి అని. మీ గట్టు కూడా మొద్దుల లెక్కన అయ్యుంటే..." అని ఆగిపోయాడు.

పాలాయన వైపు తిరిగాను. ఆయన మొహంలో సంతోషం లేదు. "చిక్కగా ఉంటే మీకిస్తారని మేమూ విన్నాం. అందుకే మొద్దులే అని పట్టుబట్టాను" అన్నాడు. ఆ రోజు మేమిద్దరం ఎవరి కొంప వాళ్లే ముంచుకోవడానికి కొట్టుకున్నాం. గెలిచింది నేను.

పశువులవాళ్లు సోమవారం దాకా ఆగలేదు. గట్టు ఎరుపులో ఉందని తెలిసిన మర్నాడే, మిట్టమధ్యాహ్నం, గడ్డపారలు భుజానేసుకుని పాతికమంది వాగు దాటొచ్చారు. బట్టీలు మావి నాలుగుంటే మూడు కాలుతున్నాయి. కాలే బట్టీని మధ్యలో తెరవకూడదు. ఆరు రోజులు మట్టి కింద ఊపిరాడకుండా మాగితేనే కట్టె బొగ్గవుతుంది. గాలి తగిలిందా, ఒక్కసారిగా భగ్గుమంటుంది.

వాళ్లకా సంగతి తెలీదు. మొదటి గడ్డపార దిగగానే బట్టీ కడుపులోంచి మంట నిలువెత్తున లేచింది. పొడిచినవాడు వెల్లకిలా పడ్డాడు. మా అన్నయ్య తడిమట్టి తట్ట పట్టుకుని మంటలోకే పరిగెత్తాడు. ఆరు రోజుల కష్టం కళ్లముందు కాలిపోతుంటే ఆయనకి ఒళ్లు తెలీలేదు. మోచేతుల దాకా చర్మం బొబ్బలెక్కింది. అప్పటికే రెండో బట్టీ మీద పడ్డారు వాళ్లు. నేను ఒకడి వీపు మీదెక్కి చెవి పట్టుకుని వేలాడాను. వాడు మోచేత్తో పొడిస్తే నా కింది పెదవి చీలింది.

వదిన అరవలేదు, తిట్టలేదు. పార తీసుకుని, పగిలిన బట్టీలోంచి నిండా నిప్పులెత్తి, ఎదురుగా వస్తున్నవాడి మొహమ్మీద కొట్టింది. వాడి అరుపు విన్నాక అందరూ ఆగిపోయారు. ఇద్దరు వాణ్ణి చెరో రెక్కా పట్టుకుని వాగులోకి ఈడ్చుకెళ్లి ముంచారు. పాతికేళ్ల కుర్రాడు. పాలాయన తమ్ముడు.

ఆ పూటనుంచి మా అన్నయ్య ఇంటికి రాలేదు. చేతులకి గుడ్డ చుట్టుకుని, ఆఖరి బట్టీ పక్కనే కూర్చుని గొడ్డలి నూరేవాడు. "ఈసారి వాగు దాటి ఇనుము పట్టుకొచ్చినవాడు దాంతో తిరిగెళ్లడు" అన్నాడు. అన్నం తీసుకెళ్తే నా చీలిన పెదవి వంక చూసి, "బాగా నొప్పిగా ఉందే?" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. గట్టు ఎర్రగా మారింది నా నోటివల్లే అన్నయ్యా అని ఆ గొంతు విన్న క్షణంలోనే చెప్పాల్సింది. "లేదు" అని వచ్చేశాను.

గురువారం నేను గొడుగు సారు దగ్గరికెళ్లి ఉన్నదంతా కక్కేశాను. మట్టి కింద మొద్దులున్నాయని, నేను అబద్ధమాడానని. ఆయన కోప్పడతాడనుకున్నాను. పుస్తకం తీసి, ఆ రోజు చదివిన పేజీ తిప్పి, దాని వెనక చూపించాడు. నరికిన నేలలో మొద్దులనే లెక్కించవలెనని అచ్చులో ఉంది.

"ఆ రోజు పేజీ తిప్పలేదమ్మా నేను. రక్తం చూసి కంగారుపడ్డాను" అన్నాడు. "ఒక దారుంది. మళ్లీ ఒక పది చదరాలు లెక్కపెట్టి, నరికిన నేలేనని ఇద్దరూ రాసి సంతకం చేస్తే, ఆదివారం లోపల రంగు మార్పించగలను. ఇద్దరూ చెయ్యాలి. నువ్వొక్కదానివి చేస్తే చెల్లదు" అన్నాడు.

పాలాయన కొట్టంలో గేదె కింద కూర్చుని పాలు పిండుతున్నాడు. లోపల గదిలోంచి తమ్ముడి మూలుగు వినిపిస్తోంది. నన్ను చూసి వాళ్లమ్మ చేతికందిన చెంబు విసిరింది. నా భుజానికి తగిలి మోగుతూ దొర్లింది. నేను కదల్లేదు. తగలాల్సినదే అనిపించింది.

"అమ్మా, ఆగు" అన్నాడు పాలాయన చేతులాపకుండా. "ఏం పని మీదొచ్చావ్?"

చెప్పాను.

"గడ్డపారలతో నేను రాలేదు" అన్నాడు.

"తెలుసు. ఆ పాతికమందిలో నిన్ను వెతికాను. లేవు."

"తమ్ముడి కన్ను ఒకటి పోతుందంటున్నారు."

మా అన్నయ్య చేతుల సంగతి చెప్పబోయి మింగేశాను. అది బదులు కాదు.

"ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది" అన్నాడు. "తప్పని తెలిసే చేశాను. నా చేత్తో చేసిన తప్పుకి ఒక గట్టు లేచిపోతే నాకు నిద్ర పట్టదు. నీమీద జాలి ఉండి మాత్రం కాదు. ముందు ఒక పని చెయ్. ఆ రోజు నేను చెప్పిందే రైటని నీ నోటితో ఒకసారి అను."

"నువ్వు చెప్పిందే రైటు."

"గట్టిగా. మా అమ్మకి కూడా వినిపించాలి."

"నువ్వు చెప్పిందే రైటు, పాలాయనా! మొద్దులే లెక్క!" అని కొట్టం అదిరేలా అరిచాను. గేదె బెదిరి తన్నితే తపేలా బోర్లాపడింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

మర్నాడు పాలు పోసిన వెంటనే, ఏడింటికి, గట్టు దగ్గరికి వస్తానన్నాడు. సర్వే అయిపోయాక కడ్డీలు ఆయన ఇంటికి చేరాయి, తెస్తానన్నాడు. సారు నేరుగా అక్కడికే వస్తాడు. అంతా కుదిరింది. ఇక మిగిలింది మా అన్నయ్యకి చెప్పడమొక్కటే. రేపు పాలాయన వస్తాడు, మన మేలుకే వస్తాడు అంటే, ఎందుకొస్తాడు అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. పొద్దున్నే సారు పక్కనుండగా చెబుదాం, అప్పుడైతే తిట్టడానికి కాస్త మొహమాటపడతాడు అనుకున్నాను. సారుకోసమని ఆరున్నరకే రోడ్డు మలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాను.

పాలాయన ముందొచ్చాడు. పాలు త్వరగా అయిపోయాయట, రోడ్డు చుట్టూ తిరగడం ఎందుకని వాగులో అడ్డంపడ్డాడు. దూరంనుంచి చూశాను. ఎండ అప్పుడే ఎక్కుతోంది. మోకాళ్లలోతు నీళ్లలో, భుజం మీద నాలుగు ఇనప కడ్డీలతో, నేరుగా మా బట్టీ వైపు నడుస్తున్నాడు.

"ఆగు!" అని అరుస్తూ పరిగెత్తాను. ఎవరికి అరిచానో నాకే తెలీదు. ఇద్దరూ ఆగలేదు.

మా అన్నయ్య బట్టీ చాటునుంచి లేచాడు. పాలాయన ఆయన్ని చూసి, పలకరింపుగా కుడిచెయ్యి పైకెత్తాడు. గొడ్డలి ఆ చేతి మీదే పడింది. కడ్డీలు గలగలమని రాళ్ల మీద పడ్డాయి. రెండోసారి గొడ్డలి లేచేసరికి నేను మధ్యలోకెళ్లి పడ్డాను. మా అన్నయ్య గొడ్డలిని గాల్లోనే ఆపాడు. ఆ ఊపుకి తూలి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

పాలాయన తన చేతివంక ఇది ఎవరిదన్నట్టు చూసుకున్నాడు. బొటనవేలు ఉంది. మిగతా నాలుగూ ఇసుకలో ఉన్నాయి. నేను నా పైట చింపి మణికట్టు పైన బిగించి కట్టాను. చేతులు తడిసి ముడి జారిపోయింది. పళ్లతో పట్టి లాగి మళ్లీ ముడేశాను. అప్పుడు కనబడ్డాయి, బొటనవేలి కింద, మచ్చలుగా మిగిలిన నా పంటిగాట్లు.

"లెక్కపెట్టడానికొచ్చాడు అన్నయ్యా" అన్నాను. "మన కోసం వచ్చాడు. నేనే రమ్మన్నాను."

ఆయన కడ్డీలవంక చూశాడు. కొసన కొక్కేలవంక చూశాడు. సర్వే జరిగిన ఏడు వారాలూ అవి మా ఇంటి చూరుకే వేలాడాయి. ఆయనకి తెలీనివి కావు.

"చెప్పొచ్చుగా" అన్నాడు. కోపమే లేదు ఆ గొంతులో. "ఒక్క ముక్క చెప్పొచ్చుగా చెల్లీ."

పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. గొడ్డలి తనే తీసి ఇచ్చాడు. కాలిన చేతులకి బేడీలు వేస్తుంటే వదిన గుడ్డ సర్ది, "మెల్లిగా వెయ్యండి" అంది. ఆమె ఆ రోజంతా మాట్లాడింది ఆ రెండు మాటలే.

శనివారం సాయంత్రం ఆసుపత్రికెళ్లాను. నా సంచిలో గొడుగు సారు రాసిన కాగితమూ స్టాంపు ప్యాడూ ఉన్నాయి. పది చదరాలూ సారు నేనూ కలిసి లెక్కపెట్టాం. నా సంతకం పెట్టేశాను. రెండో సంతకం చోట ఎడమచేతి వేలిముద్రైనా చెల్లుతుందని సారు చెప్పాడు. రేపు ఆదివారం.

పాలాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్క మంచం మీద తమ్ముడు, మొహం సగం గుడ్డతో. వాళ్లమ్మ నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుని బయటికెళ్లిపోయింది. ఈసారి ఏమీ విసరలేదు. విసిరితే బాగుండేది.

కాగితం మంచం మీద పెట్టాను. ఆయన చదువుకున్నాడు. చదివి, గుడ్డ చుట్టిన కుడిచెయ్యి తెచ్చి కాగితం మీద పెట్టాడు.

"వేలిముద్ర వేస్తాను. ముందు ఒకటి చెప్పు. నువ్వు లెక్క రాసేదానివిగా. దీన్ని ఎన్నని రాస్తావు?"

నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించే ఓపిక కూడా లేదు.

"చెయ్యి ఒకటని రాస్తావా? వేళ్లు నాలుగని రాస్తావా? పాలు పిండేవాణ్ణి నేను. బాగా ఆలోచించుకునే చెప్పు. నువ్వు ఏదంటే అదే లెక్క."

ఒకటి అంటే చాలు. మొద్దులు ఒకటి, చెయ్యి ఒకటి. ఆయన ఎడమ బొటనవేలు ప్యాడు మీద నొక్కుతాడు, రేపు మ్యాపులో మా గట్టు రంగు మారుతుంది. వదినకి గుడిసె ఉంటుంది. అన్నయ్య ఎప్పుడు బయటికొచ్చినా రావడానికి ఒక చోటుంటుంది. ఆ చేతి వంక చూశాను. నా కాల్లో ముల్లు తీసిన వేళ్లు, ఒక్కో పిలకనీ తాకి తాకి లెక్కపెట్టిన వేళ్లు. నా నోరు ఎన్ని అబద్ధాలకైనా సిద్ధంగా ఉండేది, అప్పటిదాకా.

"నాలుగు" అన్నాను.

ఆయన చెయ్యి కాగితం మీదనుంచి తీశాడు.

"అయితే మీ గట్టుక్కూడా పిలకల లెక్కే ఉండనీ" అన్నాడు. తల గోడకి ఆనించి కళ్లు మూసుకుని, "ఇప్పుడైనా నిజం చెప్పావ్" అన్నాడు.

కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. బతిమాలలేదు.

సోమవారం యంత్రాలు రాకముందే వదిన గునపం తీసుకుని ఆఖరి బట్టీని తనే పొడిచింది. మంట లేచి కనుబొమ్మలు కమిలినా వెనక్కి జరగలేదు. "వాళ్లు పగలగొట్టడమేంటి, మనది మనమే పగలగొట్టుకుందాం" అంది. గట్టుకి అడ్డంగా ఇనప పళ్ల యంత్రం రెండు రోజులు తిరిగింది. తర్వాత మందు కొట్టారు, తర్వాత తగలబెట్టారు. మేము టీకొట్టు వెనక ఒక గదిలోకి మారాం. మా అన్నయ్యకి నాలుగేళ్లు పడింది. చూడ్డానికెళ్తే నన్నేమీ అనేవాడు కాదు. తిన్నావా అని అడిగేవాడు. ఆ మాట కోసం వెళ్లాలనీ ఉండేది, ఆ మాటకి భయపడి వెళ్లబుద్ధీ అయ్యేది కాదు.

మొదటి వాన పడ్డాక ఆఫీసునుంచి మళ్లీ కబురొచ్చింది. నిర్మూలన తర్వాత ఎంత మిగిలిందో చూడాలట. ముందు లెక్కపెట్టిన ఇద్దరే లెక్కపెట్టాలట. పాలాయన రాడనుకున్నాను. ఎడమ భుజం మీద రెండు కడ్డీలు పెట్టుకుని వచ్చాడు. మిగతా రెండూ నేను అందుకున్నాను. గొడుగు సారు దగ్గర కొత్త గొడుగుంది.

బూడిదలో అప్పటికే పచ్చగా ఉంది. యంత్రం పైపైన లాక్కుపోయింది గాని, మట్టి కింద మొద్దులు అలాగే ఉన్నాయి. మొదటి చదరం వేసి కొక్కేలు తగిలించాం.

సారు గొంతు సవరించుకున్నాడు. "ఈసారి... మొద్దులా, పిలకలా?"

నేను పాలాయన వైపు చూశాను. పాలాయన నేలవైపు చూశాడు.

"రెండు గళ్లు గీయండి సార్" అన్నాడు. "ఒకదాంట్లో మొద్దులు రాయండి, రెండోదాంట్లో పిలకలు రాయండి."

సారు పెన్సిలు తీసి పేజీకి నిలువుగా ఒక గీత గీశాడు. ఆ గీత గీయడానికి గుక్కెడు నీళ్లు తాగినంతసేపు కూడా పట్టలేదు. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"చెప్పు" అన్నాడు పాలాయన.

కూర్చుని, మట్టి నా చేత్తో నేనే తీశాను.

"మొద్దు ఒకటి" అన్నాను.

ఆయన ఎడమచేతి వేలితో ఒక్కోదాన్నీ తాకుతూ లెక్కపెట్టాడు. "పిలకలు పదమూడు" అన్నాడు. సారు రెండూ రాసుకున్నాడు.